నిద్రకు ముందు కథ: ఇంటిల్లిపాదీ కలిసి చదువుకోవడం ఎలా

పడుకునే ముందు పిల్లలకు కథ చదవాలని ఎవరికి ఉండదు? మొదలుపెట్టినవాళ్లలో చాలామందికి అది వారం తిరక్కుండానే ఆగిపోతుంది. ఓపిక చాలక అనుకుంటారు గానీ, తప్పు సాధారణంగా పద్ధతిలో ఉంటుంది. తొమ్మిదిన్నరకు మొదలుపెడతారు. చేతికందిన లావుపాటి పుస్తకం తీస్తారు. ఒక్కరే చదువుతుంటే మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. మధ్యలో “ఇదేం అక్షరం, చెప్పు?” అని పరీక్ష పెడతారు. ఈ నాలుగూ దిద్దుకుంటే చాలు. గొంతు మార్చి నటించే విద్య ఎవరికీ అక్కర్లేదు.

మన దగ్గర కథకు పాత కట్టుబాటు ఒకటుంది. చెప్పేవాళ్లు చెబుతుంటే వినేవాళ్లు “ఊఁ” కొట్టాలి. ఊఁ వినబడటం ఆగిందంటే నిద్రపోయారని లెక్క, కథ అక్కడితో ఆపేయాలి. చేతిలో పుస్తకం ఉన్నా ఈ కట్టుబాటు వదలకూడదు. కింద చెప్పేదంతా దాని చుట్టూ అల్లుకున్నదే.

వేళ: లేచే టైము నుంచి వెనక్కి లెక్కపెట్టండి

అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో ఇచ్చిన సిఫారసు ప్రకారం 3–5 ఏళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10–13 గంటలు, 6–12 ఏళ్ల పిల్లలకు 9–12 గంటలు నిద్ర ఉండాలి. స్కూలు బస్సు 7:15కి వచ్చే ఇంట్లో ఏడేళ్ల పిల్ల 6:15కి లేస్తుందనుకుందాం. పది గంటలు పడుకోవాలంటే రాత్రి 8:15కల్లా నిద్ర పట్టాలి. లైటు తీశాక నిద్ర పట్టడానికి పావుగంట, కథకు పావుగంట, పళ్లు తోముకుని బట్టలు మార్చుకుని పక్క ఎక్కడానికి ఇంకో పావుగంట. అంటే 7:30కల్లా అన్నం తినడం అయిపోవాలి.

మన ఇళ్లలో పెద్దల భోజనాలే తొమ్మిదింటికి. అందుకని ముందు చేయాల్సింది పిల్లల భోజనాన్ని పెద్దల భోజనం నుంచి విడదీయడం. అది కుదరని రోజు కథను కుదించండి గానీ దాని వేళను జరపకండి. ఆదివారం చదివే గంటసేపటి కన్నా రోజూ ఒకే వేళకు చదివే ఎనిమిది నిమిషాలే అలవాటును నిలబెడతాయి. మంచినీళ్లు, బాత్‌రూమ్ కథకు ముందే అయిపోవాలి. లేకపోతే సరిగ్గా మూడో పేజీలో దాహం వేస్తుంది.

చోటు, వెలుతురు

ట్యూబులైటు తీసేసి, పసుపు వెలుతురునిచ్చే చిన్న దీపం పెట్టుకోండి. బల్బు అట్టపెట్టె మీద 2700 కె లేదా ‘వార్మ్ వైట్’ అని ఉంటే సరిపోతుంది. దీపం చదివేవాళ్ల భుజం వెనక నుంచి పేజీ మీద పడాలి, పిల్లల కళ్లలో పడకూడదు. నున్నటి ఆర్ట్ పేపరు మీద అచ్చువేసిన బొమ్మల పుస్తకాలు వెలుతురును తిప్పికొడతాయి. బొమ్మ మెరుస్తుంటే దీపాన్ని ఒక జానెడు పక్కకు జరిపి చూడండి.

సీలింగ్ ఫ్యాను పేజీలు తిప్పేస్తుంటుంది. చదివేసిన పేజీలకు బట్టల క్లిప్పు ఒకటి పెడితే పీడ వదులుతుంది. దోమతెర కడితే కథకు ముందే కట్టి, దీపాన్ని తెర బయటే ఉంచాలి.

చదివేవాళ్లు గోడకు ఆనుకుని కూర్చోవాలి. వెల్లకిలా పడుకుని పుస్తకాన్ని మొహం మీద పట్టుకుంటే ఐదు నిమిషాల్లో చేతులు లాగుతాయి, పదో నిమిషంలో పిల్లల కంటే ముందు మీరే నిద్రపోతారు. అందరికంటే చిన్నవాళ్లు చదివేవారికి ఆనుకుని, పెద్ద పిల్లలు రెండో వైపు. పేజీ తిప్పే పని చిన్నవాళ్లది, లైటు తీసే పని పెద్దవాళ్లది. ఫోన్లు పక్కగదిలో. నాన్న ఫోను చూసుకుంటూ వింటే, కథ చిన్నపిల్లల వ్యవహారమని మాటల్లో చెప్పకుండానే చెప్పినట్టు అవుతుంది.

పుస్తకం ఎంచుకోవడం

వయసు కంటే నిడివి ముఖ్యం. పుస్తకం తీసుకున్న రోజే ఒక పేజీని పైకి చదివి ఫోనులో టైము చూసుకోండి, దాన్ని పేజీల సంఖ్యతో హెచ్చవేయండి. రెండు, మూడేళ్ల వాళ్లకు మొత్తం నాలుగైదు నిమిషాలు దాటకూడదు. నాలుగు, ఐదేళ్లకు ఏడెనిమిది నిమిషాలు. ఆరు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లు పావుగంట వింటారు, రోజుకొక అధ్యాయం చొప్పున పెద్ద కథ సాగదీసినా నిలుస్తారు. పేజీకి ఒకటి రెండు వాక్యాలున్న 16 పేజీల పుస్తకం మూడేళ్లకు, పేజీకి మూడు నాలుగు వాక్యాలున్న 24 పేజీలది ఐదేళ్లకు బాగా కుదురుతాయి. ఏడాది లోపు పిల్లలకు కథ ఏం తెలుస్తుందని వదిలేయకండి. పసితనం నుంచే పైకి చదివి వినిపించమని అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే సలహా ఇచ్చింది. ఆ వయసుకు కథ అక్కర్లేదు. బొమ్మ చూపించి “కుక్క. భౌ భౌ” అనడమే చదవడం.

తెలుగు పుస్తకంలో ప్రత్యేకంగా చూడాల్సింది వరుసల మధ్య ఖాళీ. మనకు గుడి, కొమ్ము, ఏత్వం అక్షరానికి పైనో పక్కనో వస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. వరుసలు ఇరుకైతే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగిలి, చదవడం కొత్తగా నేర్చుకుంటున్న పిల్లల కన్ను తడబడుతుంది. అక్షరం పెద్దదిగా ఉన్నా వరుసలు దగ్గరగా అచ్చువేసిన పుస్తకాన్ని పక్కన పెట్టేయవచ్చు. అక్షరాల మీద బొమ్మ రంగులు పరుచుకున్న పేజీలూ అంతే, చిన్న దీపం వెలుతురులో అవి కనబడవు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయంటే: సికింద్రాబాద్‌లోని ‘మంచి పుస్తకం’ అనే సంస్థ ప్రచురణలు, నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగు పుస్తకాలు, చెన్నైలోని తూలిక వాళ్ల రెండు భాషల పుస్తకాలు. హైదరాబాద్, విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో వీటిని చేత్తో తిరగేసి చూసి కొనుక్కోవచ్చు. డబ్బు పెట్టలేకపోతే ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. వాటిని నాలుగు స్థాయిలుగా విడదీశారు. పక్క మీద చదవడానికి మీ పిల్లలు సొంతంగా చదవగల స్థాయి కంటే ఒక మెట్టు పైది తీసుకోండి, చదివేది మీరు కదా. ట్యాబులో చదివితే వేలు జారి ఇంకేదో తెరుచుకుంటుంది, అందుకని ప్రింటు తీసి స్టేపుల్ చేసుకోవడం మేలు. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో పిల్లల అర ఎలా ఉందో కూడా ఒకసారి చూసి రండి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మనం ఏటా కడుతూనే ఉన్నాం, వాడుకోకపోవడం దండగ.

1947 జులైలో మొదలైన చందమామ పాత సంచికలు ఇంట్లో ఉంటే అవి ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు. అచ్చు చిన్నది, వాక్యాలు చక్కగా నడుస్తాయి. బేతాళ కథల్ని మాత్రం శనివారానికి ఉంచండి. చివర బేతాళుడు అడిగే ప్రశ్న మీద పిల్లలు అరగంట వాదించుకుంటారు, నిద్ర ఎగిరిపోతుంది.

పక్క దగ్గర ఐదారు పుస్తకాలు చాలు. మిగతావి లోపల పెట్టి, పదిహేను రోజులకొకసారి రెండు మార్చండి.

చదవడం

ముందుగా మీరొక్కరే కళ్లతో ఒకసారి చదువుకోండి. రెండు నిమిషాల పని. ఎక్కడ భయపెట్టే ఘట్టం ఉందో, ఎక్కడ నోరు తిరగని మాట ఉందో, ఎవరెవరు మాట్లాడతారో తెలుస్తుంది. ఈ రెండు నిమిషాలూ మిగుల్చుకుంటే చదువుతూ చదువుతూ “ఆగు ఆగు, ఇది చెప్పింది నక్క కాదు” అని వెనక్కి వెళ్లాల్సి వస్తుంది.

అట్ట చూపించి పేరు చదవండి. “అనగనగా” అనగానే అందరూ ఊఁ కొట్టాలి. అమ్మ, నాన్న, తాతయ్య ఎవరు పక్కన ఉంటే వాళ్లంతా. ప్రతి వాక్యానికీ అక్కర్లేదు, మీరు ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కడ. పెద్దవాళ్లు కొడితేనే పిల్లలు కొడతారు. ఈ ఊఁ మీకు కొలబద్ద లాంటిది. గట్టిగా, వెంటనే వస్తే వింటున్నారు. మధ్యలో “ఎందుకూ?” అని వస్తే మునిగిపోయారు. ఆలస్యంగా, సాగుతూ వస్తే నిద్ర దగ్గరపడింది. రెండు పేజీల పాటు అసలు రాకపోతే, కళ్లు తెరిచి ఉంటే కథ నచ్చలేదు, మూసి ఉంటే పని అయిపోయింది.

పుస్తకం భాషకూ ఇంటి భాషకూ తేడా ఉన్నప్పుడు ఏం చేయాలన్నది ఎక్కువమందికి వచ్చే చిక్కు. మొత్తం మన యాసలోకి మార్చి చదివితే పిల్లలకు పుస్తకం భాష చెవిన పడదు. ఉన్నదున్నట్టు చదివితే కథ పరాయిగా ఉంటుంది. మధ్యేమార్గం ఒకటుంది: కథనం అచ్చులో ఉన్నట్టే, సంభాషణ మీ ఇంట్లో మాట్లాడుకున్నట్టు. పుస్తకంలో కుందేలు “ఎక్కడికి వెళ్తున్నావు?” అని అడిగితే, కరీంనగర్ ఇంట్లో “యాడికి వోతున్నవ్?” అననివ్వండి, కడప ఇంట్లో “యాడికి పోతాండావు?” అననివ్వండి. పాత్రలకు ప్రాణం వస్తుంది, వాక్యం అల్లిక కూడా చెవికి అలవాటవుతుంది. పిల్ల సొంతంగా చదవడం మొదలుపెట్టాక అచ్చులో ఉన్నది ఒకటి, మీరు చదివింది ఒకటి అని పట్టేసుకుంటుంది. పట్టుకుంటే సంతోషించండి, కళ్లు అక్షరాల మీద ఉన్నాయన్నమాట.

చ, జ అక్షరాల దగ్గర కొంచెం జాగ్రత్త. ‘చిలుక, చెట్టు, జింక’లో ఒక పలుకు, ‘చలి, చాప, చుక్క, జడ, జున్ను’లో నాలుక పళ్లకు తగిలే మరో పలుకు. రెంటికీ రాత ఒకటే. పాత నిఘంటువుల్లో ఈ తేడాకు గుర్తు వేసేవాళ్లు, పిల్లల పుస్తకాల్లో అది ఉండదు. తెలుగును అక్షరాల నుంచే నేర్చుకునే పిల్లలు, ముఖ్యంగా బెంగళూరులోనో అమెరికాలోనో పెరుగుతున్నవాళ్లు, ‘చాప’నూ ‘చేప’ మాదిరిగా పలికేస్తారు. దీన్ని సూత్రం చెప్పి దిద్దలేం. మీ నోట పదిసార్లు సరిగ్గా వినబడితే అదే వస్తుంది.

వేగం విషయానికొస్తే, మామూలుగా మాట్లాడే దానికంటే నెమ్మదిగా మొదలుపెట్టి, చివరి మూడో వంతు ఇంకా నెమ్మదించాలి. గొంతు తగ్గాలి, పేజీకీ పేజీకీ మధ్య విరామం పెరగాలి. సింహం గర్జన, దొంగల పరుగు అన్నీ మొదటి సగంలో అయిపోయే కథలు పక్క మీదికి మంచివి. చివర్లో గంతులు వేసే కథ ఎంత గొప్పదైనా పగటికి దాచుకోండి.

ఏడు చేపల కథను అందరితో చదివించడం

మనకు అందరికీ తెలిసిన గొలుసుకథతో మొదలుపెడితే తేలిక. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండలేదు. చేపకు గడ్డిమోపు అడ్డం వచ్చింది, గడ్డిని ఆవు మేయలేదు, ఆవును పాలేరు మేపలేదు, పాలేరుకు అవ్వ బువ్వ పెట్టలేదు, అవ్వ దగ్గర పిల్లాడు ఏడ్చాడు, పిల్లాణ్ని చీమ కుట్టింది. ఊరిని బట్టి కాస్త మారుతుంది, మీకు తెలిసిన పాఠమే వాడండి.

మొదటి రాత్రి మీరే మొత్తం చదవండి, మిగతావాళ్లు ఊఁ. రెండో రాత్రి “ఎందుకు ఎండలేదు?”, “ఎందుకు మేయలేదు?” అనే ప్రశ్నలన్నీ పిల్లలు అడగాలి, జవాబులు మీవి. మూడో రాత్రి పాత్రలు పంచుకోండి. చేప, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లాడు, చీమ, మొత్తం ఏడు. నలుగురున్న ఇంట్లో ముగ్గురికి రెండేసి, నాలుగోవాళ్లకు చీమ. ఆ నాలుగోవాళ్లు ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు కావాలి, ఎందుకంటే “నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?” అనే ఆఖరి మాట వాళ్లది. అప్పటిదాకా వాళ్లు కదలకుండా కాచుకుని కూర్చుంటారు. నాలుగో రాత్రి కథ కాగితం మీద పెద్దక్షరాలతో రాసి, ఎవరి మాట దగ్గర వాళ్లు వేలు పెట్టి చదవాలి. కంఠతా వచ్చిన మాటను అచ్చులో గుర్తుపట్టడం చదవడానికి తొలిమెట్టు.

ప్రశ్నలు: ఎన్ని, ఎప్పుడు

పెద్దవాళ్లు చదువుతూ పిల్లల చేత మాట్లాడించే పద్ధతిని ‘డైలాజిక్ రీడింగ్’ అంటారు. 1988లో అమెరికన్ మనస్తత్వవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం దీనివల్ల చిన్నపిల్లల మాట పెరుగుతుందని చూపింది. అందులో పనికొచ్చేవి: వాక్యం సగంలో వదిలి పూరించమనడం (“కాకి రాళ్లు తెచ్చి కుండలో...”), బొమ్మ చూసి ఏం జరుగుతోందో చెప్పమనడం, ఎందుకు అని అడగడం, ఇంట్లో జరిగినదానితో ముడిపెట్టడం (“మొన్న తిరునాళ్లలో నువ్వు ఇలాగే తప్పిపోయావు కదా”). పిల్ల “కుక్క” అంటే మీరు “అవును, తడిసిపోయిన నల్లకుక్క” అని ఒక మాట కలిపి తిరిగి చెప్పాలి. ఆ కలిపిన మాటే పిల్లకు అదనపు సంపాదన.

ఇది పగటి చదువుకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. రాత్రి మాత్రం రెండు ప్రశ్నలు దాటకండి, అవీ కథ మొదటి సగంలోనే, తప్పు జవాబంటూ లేనివే. ప్రశ్న మెదడును లేపుతుంది, మనం చేస్తున్న పని అందుకు ఎదురు. కొత్త పుస్తకం మొదటి రాత్రి అసలు ఏమీ అడగవద్దు.

కథ చివర “నీతి:” అని అచ్చువేసిన వరుసను చదవకుండా పుస్తకం మూసేయండి. కథ విన్న పిల్లకు ఆ సంగతి ఎలాగూ తెలుసు. తెలియకపోతే ఆ ఒక్క వాక్యంతో తెలిసేదీ లేదు.

వయసుల్లో తేడా ఉంటే, పెద్దలకు తెలుగు చదవడం రాకపోతే

మూడేళ్ల తమ్ముడు, ఎనిమిదేళ్ల అక్క ఒకే పక్క మీద ఉన్నప్పుడు ముందు చిన్నవాడి పుస్తకం. దాన్ని అక్క చదవాలి. తనకు తేలికైన పుస్తకం కాబట్టి తడబడదు, చదువు సాపు అవుతుంది. వాడు నిద్రలోకి జారాక అక్క అధ్యాయం మీరు చదవండి.

చదవడం రాని అవ్వ, జేజి, నానమ్మ ఉంటే బొమ్మల పుస్తకం వాళ్ల చేతికిచ్చి, అక్షరాలు వదిలేసి బొమ్మలకు కథ కట్టమనండి. చాలాసార్లు అచ్చులో ఉన్న కథ కంటే అదే బాగుంటుంది. తెలుగు మాట్లాడగలిగి చదవలేని తల్లిదండ్రులు రెండు భాషల పుస్తకం తీసుకుని ఇంగ్లిష్ చూసి తెలుగులో చెప్పవచ్చు.

దూరదేశంలో ఉన్నవాళ్లకు గడియారమే సమస్య. డాలస్‌లో వేసవిలో రాత్రి ఎనిమిదంటే గుంటూరులో మర్నాడు ఉదయం ఆరున్నర, శీతాకాలంలో ఏడున్నర. అమ్మమ్మ కాఫీ తాగేసి సిద్ధంగా ఉంటుంది, ఫోనులో కథ చదవడానికి ఇంతకంటే మంచి వేళ లేదు. మెల్‌బోర్న్‌లో రాత్రి ఎనిమిది మనకు మధ్యాహ్నం మూడున్నర, వాళ్ల వేసవిలో రెండున్నర, అదీ కుదురుతుంది. లండన్ మాత్రం కుదరదు. అక్కడ వేసవిలో రాత్రి ఏడున్నర అయితే ఇక్కడ అర్ధరాత్రి పన్నెండు. వాళ్లు అమ్మమ్మ చేత పగలు చదివించి రికార్డు చేసుకోవాలి. పేజీ అయినప్పుడల్లా అమ్మమ్మ చిటిక వేస్తే అక్కడ పిల్ల పేజీ తిప్పుకుంటుంది. వీడియో కాల్ అయితే పలకరింపులు కాగానే ఫోనును బోర్లా పెట్టి గొంతు మాత్రమే వినండి. అమ్మమ్మకు ఊఁ వినబడితే చాలు.

ఎక్కడ చెడుతుంది

“ఇంకొక్కటి” అనే పోరు రోజూ వస్తుంటే లెక్క ముందే తేలలేదన్నమాట. రెండు పుస్తకాలు పిల్లలే ఎంచి దిండు మీద పెట్టాలి, దిండు మీద లేనిది ఆ రాత్రి లేదు. ఒక్కసారి మూడోది చదివారా, నెల రోజులు బేరం తప్పదు.

అదే పుస్తకం ఇరవై రోజులుగా అడుగుతుంటే చదవండి. తర్వాత ఏం వస్తుందో తెలియడంలోనే వాళ్లకు నిశ్చింత, మాటలు స్థిరపడేదీ అప్పుడే. మీకు విసుగొస్తే రెండో పుస్తకం మీ ఇష్టం అని ఒప్పందం చేసుకోండి.

మూడేళ్ల లోపువాళ్లు మధ్యలో లేచి తిరుగుతారు. పిలవకండి, ఆపకండి, మిగతావాళ్లకు చదువుతూ ఉండండి. చెవి ఇక్కడే ఉంటుంది.

రాక్షసుడికి భయపడితే కథ ముగింపు మార్చకండి, గొంతు తగ్గించి ఆ పేజీని త్వరగా దాటించండి. రాక్షసుడు గుహలోకి వచ్చిన చోట అధ్యాయం ఆపకూడదు, వాడు పోయిన పేజీలో ఆపాలి. సీరియల్‌కు పనికొచ్చే మెలిక పక్క మీద పనికిరాదు.

“అల్లరి చేస్తే ఇవాళ కథ లేదు” అన్నది అన్నిటికంటే పెద్ద పొరపాటు. అన్నం మానిపించం కదా, ఇదీ అంతే. ప్రయాణంలోనో కరెంటు పోయినప్పుడో పుస్తకం కుదరకపోతే నోటితో చెప్పండి. తప్పిపోయిన రాత్రికి మర్నాడు రెట్టింపు చదవాల్సిన పని లేదు.

ముగించే తీరు

రోజూ ఒకే వరుస ఉండాలి. ఆఖరి పేజీ, పుస్తకం మూయడం, అందరూ కలిసి “కథ కంచికి, మనం ఇంటికి” అనడం, లైటు. ఈ నాలుగింటి మధ్య కొత్త మాట ఏదీ రానివ్వకండి. రేపటి యూనిఫాం సంగతి గుర్తొచ్చినా సరే. పది, పదిహేను రాత్రులకు ఆ మాటే నిద్రకు పిలుపు అవుతుంది.

పిల్ల తనంతట తాను చదవగలిగాక “ఇక నువ్వే చదువుకో” అని వదిలేసేవాళ్లు ఎక్కువ. వదలకండి. కుడి పేజీ తనది, ఎడమ పేజీ మీది. ‘గుర్రం’ని ‘గురం’ అన్నా అర్థం నడుస్తుంటే ఆపవద్దు. ‘పాలు’ని ‘పళ్లు’ అని చదివి కథ తప్పితే వాక్యం పూర్తయ్యాక “పళ్లు తాగిందా?” అని అడగండి, తానే వెనక్కి వెళ్లి చూసుకుంటుంది. ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మూడంతస్తుల మాట దగ్గర ఆగితే మనసులో ఐదు లెక్కపెట్టి, అప్పటికీ రాకపోతే మాట మొత్తం అందించండి. అక్షరం అక్షరం కూడబలికించడం పొద్దున చేసుకోవచ్చు. తను చదువుతున్నంతసేపూ ఊఁ కొట్టే పని ఇక మీదే.